ముందు ఆసుపత్రి, తర్వాత డాక్టరు: టామీ డగ్లస్ రాజకీయ జీవితం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కెనడాలో పిల్లలో బంధువులో ఉన్నవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. అక్కడ స్థిరపడ్డవాళ్ళు ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరితే, ఇంటికి పంపేటప్పుడు బిల్లు చేతిలో పెట్టరు. హెల్త్ కార్డు చూపిస్తే చాలు. అయితే ఆ కార్డు ఇచ్చేది దేశం కాదు, రాష్ట్రం. ఒంటారియోలో ఉంటే ఒంటారియో కార్డు, ఆల్బర్టాకి మకాం మారిస్తే మళ్ళీ ఆల్బర్టా కార్డు. ఈ ఏర్పాటు ఇలా ఎందుకుందో తెలియాలంటే టామీ డగ్లస్ రాజకీయ జీవితం తెలియాలి.

ఆయన పదిహేడేళ్ళు సస్కాచెవాన్ రాష్ట్రానికి ప్రీమియర్‌గా ఉన్నారు. అంటే మన ముఖ్యమంత్రి పదవి. తర్వాత దాదాపు పదేళ్ళు జాతీయ స్థాయిలో ఒక చిన్న పార్టీకి నాయకుడు. కేంద్రంలో ఒక్కరోజు కూడా మంత్రిగా లేరు. అయినా 2004లో కెనడా ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ సీబీసీ, టీవీ ప్రేక్షకులను ఓటు అడిగితే, కెనడా చరిత్రలో అందరికన్నా గొప్పవాడిగా ఆయన్నే ఎన్నుకున్నారు. డగ్లస్ అనగానే అందరూ ఆయన ఉపన్యాసాల గురించే చెబుతారు. మంచి వక్తే. కానీ నన్ను అడిగితే ఆయన అసలు నేర్పు పనుల వరుసలో ఉంది. దేనికి ముందు చెయ్యి వెయ్యాలి, దేన్ని ఆపి ఉంచాలి, దేనికి డబ్బు ఎక్కడినుంచి రావాలి అన్న లెక్కలో ఉంది. ఈరోజు ఆ వరుసనే మీ ముందు పెడతాను.

ముందుగా మనిషి గురించి నాలుగు ముక్కలు. 1904లో స్కాట్లండ్‌లో ఫాల్కిర్క్ దగ్గర పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం కెనడాలోని విన్నిపెగ్‌కి వలస వచ్చింది. మోకాలికి దెబ్బ తగిలి, ఎముకకి చీము పట్టి, కాలు తీసెయ్యాల్సిన పరిస్థితి వచ్చింది. విద్యార్థులు పక్కన నిలబడి చూడటానికి తల్లిదండ్రులు ఒప్పుకుంటే డబ్బు తీసుకోకుండా ఆపరేషన్ చేస్తానన్నారు ఒక సర్జన్. కాలు నిలిచింది. ఆ కాలుతోనే 1922లో మానిటోబా రాష్ట్ర లైట్‌వెయిట్ బాక్సింగ్ టైటిల్ గెలిచారు. అచ్చు పని నేర్చుకున్నారు, బ్రాండన్ కాలేజీలో చదివారు, 1930లో వేబర్న్ అనే చిన్న ఊళ్ళో బాప్టిస్టు చర్చికి పాస్టరుగా వెళ్ళారు. కరువు, గోధుమ ధరల పతనం, దుమ్ము తుఫానులు. సస్కాచెవాన్ రైతు చితికిపోయిన దశాబ్దం అది.

ఇక్కడ దాచకూడని సంగతి ఒకటుంది. 1933లో మాక్‌మాస్టర్ యూనివర్సిటీకి ఇచ్చిన ఎం.ఏ. థీసిస్‌లో ఆయన, 'లోపం ఉన్న' కుటుంబాలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయాలన్న ఆనాటి వాదాన్ని సమర్థించారు. అది తప్పుడు రాత, క్రూరమైన రాత. అధికారంలోకి వచ్చాక, ఆరోగ్య శాఖ తన చేతిలోనే ఉండగా, అలాంటి ఆపరేషన్లకు చట్టం చేయమని సిఫారసులు వచ్చినా ఆయన ఒప్పుకోలేదు. రెండూ కలిపి చెబితేనే నిజం.

రాజకీయాల్లో తొలి అడుగు ఓటమి. 1934లో రాష్ట్ర ఎన్నికల్లో వేబర్న్‌లో ఓడిపోయారు. మరుసటి ఏడాది సీసీఎఫ్ తరఫున పార్లమెంటుకి గెలిచారు. సీసీఎఫ్ అంటే రైతులు, కార్మికులు, సోషలిస్టులు కలిసి 1932లో కాల్గరీలో పెట్టుకున్న పార్టీ. 1940లో మళ్ళీ గెలిచారు. తొమ్మిదేళ్ళు దేశ రాజధాని ఒటావాలో కూర్చున్నాక ఆయన చేసిన పనిని గమనించండి. 1942లో సస్కాచెవాన్ పార్టీ శాఖకి నాయకుడై, 1944లో ఎంపీ సీటు వదిలేసి రాష్ట్రానికి తిరిగి వచ్చారు. చాలామంది రాష్ట్రం నుంచి కేంద్రానికి ఎక్కుతారు, ఈయన దిగివచ్చారు. కారణం రాజ్యాంగంలో ఉంది. 1867 నాటి చట్టం 92వ సెక్షన్ ఆసుపత్రులను రాష్ట్రాలకి అప్పగించింది. మన రాజ్యాంగంలోనూ ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి కాబట్టి ఈ సంగతి మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. ఆసుపత్రి కట్టాలన్నా, నడపాలన్నా, బీమా పెట్టాలన్నా చెయ్యి పెట్టాల్సింది రాష్ట్రంలోనే. ఒటావా దగ్గర ఉన్నది డబ్బు.

1944 జూన్ 15న ఎన్నికలు. 52 సీట్లలో 47 సీసీఎఫ్‌వి. ఉత్తర అమెరికాలో ఎన్నికల ద్వారా వచ్చిన మొదటి సోషలిస్టు ప్రభుత్వం ఇదే. డగ్లస్ ఆరోగ్య శాఖని వేరెవరికీ ఇవ్వకుండా 1949 దాకా తన దగ్గరే ఉంచుకున్నారు. ఆర్థిక శాఖ మాత్రం క్లారెన్స్ ఫైన్స్ అనే మనిషికి అప్పగించారు. ఫైన్స్ పేరు బయటివాళ్ళకి పెద్దగా తెలియదు గానీ ఆయన లేకపోతే ఈ కథ లేదు. అప్పుల్లో ఉన్న రాష్ట్రం. సోషలిస్టులు వచ్చారని బ్యాంకులు అనుమానంగా చూస్తున్నాయి. ఫైన్స్ ఏటా మిగులు బడ్జెట్ చూపిస్తూ, పాత అప్పు తీరుస్తూ వచ్చారు. అప్పులవాడి షరతుల మీద సంక్షేమ పథకం నడపలేమని డగ్లస్ గట్టిగా నమ్మారు.

ఇక వరుస చూడండి. అధికారంలోకి వచ్చిన కొద్ది వారాల్లోనే జాన్స్ హాప్కిన్స్ నుంచి హెన్రీ సిగరిస్ట్ అనే వైద్య చరిత్ర ప్రొఫెసర్‌ని పిలిపించి రాష్ట్రమంతా తిప్పించారు. 1944 అక్టోబరుకల్లా నివేదిక చేతికొచ్చింది. 1945 జనవరి 1 నుంచి వృద్ధాప్య పింఛను తీసుకునేవాళ్ళకి, పిల్లల్ని పెంచుతున్న వితంతు తల్లులకి, అంధులకి ఉచిత వైద్యం. సుమారు 30,000 మంది. క్యాన్సర్ చికిత్స కూడా అప్పుడే ఉచితం చేశారు. ఎంత మందో ముందే తెలిసిన గుంపులు, తేలిగ్గా లెక్క తేలే ఖర్చు. అందుకే వాటితో మొదలుపెట్టారు.

రెండో అడుగు ఒక ప్రయోగం. నైరుతి మూలన స్విఫ్ట్ కరెంట్ చుట్టుపక్కల దాదాపు యాభై వేల జనాభా ఉన్న ప్రాంతాన్ని మొదటి హెల్త్ రీజియన్‌గా ఏర్పాటు చేశారు. రాష్ట్ర రాజధాని రెజైనాలో కూర్చుని రుద్దినది కాదు. అక్కడి గ్రామీణ మున్సిపాలిటీలే ఓటింగ్ పెట్టి ఒప్పుకున్నాయి. విలియం బురాక్ అనే మున్సిపల్ కార్యదర్శి ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టారు. 1946 జులై 1 నుంచి ఆ ప్రాంతంలో అందరికీ డాక్టరు చూపు, ఆసుపత్రి చికిత్స బీమాలో వచ్చేశాయి. డబ్బు తలా ఇంత అని వేసే పన్ను నుంచి, భూమి పన్ను నుంచి వచ్చింది. డాక్టర్లకి జీతం కాకుండా చేసిన వైద్యానికి ఇంత అని ఫీజు. సస్కాచెవాన్‌లో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లోనే సార్నియా అనే గ్రామీణ మున్సిపాలిటీ డాక్టరు ఊరు వదిలి పోకుండా పన్ను డబ్బుతో జీతం ఇచ్చి నిలుపుకుంది. నాలుగైదు ఊళ్ళు కలిసి ఆసుపత్రి కట్టుకునే పద్ధతి కూడా అప్పటిదే. రైతులు తమంతట తాము కట్టుకున్న పునాది మీద డగ్లస్ కట్టారు. గొప్పంతా ఒక్కరికే ఇచ్చేవాళ్ళు ఈ ముక్క వదిలేస్తారు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, 1947 జనవరి 1న మొదలైన ఆసుపత్రి బీమా. రాష్ట్రంలో అందరికీ తప్పనిసరి. మనిషికి ఏడాదికి 5 డాలర్లు, ఎంత పెద్ద కుటుంబమైనా 30 డాలర్లు దాటదు. వసూలు, కార్డుల పంపిణీ మున్సిపాలిటీల ద్వారా. వార్డు మంచం, ఆపరేషన్ థియేటర్, లేబరేటరీ, ఎక్స్‌రే అన్నీ అందులోనే. ప్రీమియంతో సరిపోని ఖర్చు ఖజానా భరించింది. ఫ్రెడరిక్ మాట్ అనే అమెరికన్ డాక్టరు రాష్ట్ర ఆరోగ్య సేవల ప్రణాళికా కమిషన్ పగ్గాలు పట్టుకుని దీన్ని నిలబెట్టారు.

ముందు ఆసుపత్రే ఎందుకు, డాక్టరు ఫీజు ఎందుకు కాదు? ఇక్కడ కాస్త ఆగాలి. ఒక రైతు కుటుంబాన్ని అప్పుల పాలు చేసేది ఆసుపత్రి బిల్లు. అది మొదటి కారణం. ఆసుపత్రులు నడిపేది మున్సిపాలిటీలు, చర్చి సంస్థలు. అవి ఎప్పుడూ నష్టాల్లోనే ఉండేవి కాబట్టి నికరమైన డబ్బు వస్తుందంటే వద్దనలేదు. డాక్టర్లేమో స్వతంత్రంగా ప్రాక్టీసు చేసేవాళ్ళు, సంఘటితంగా ఉన్నవాళ్ళు. వాళ్ళతో గొడవ మొదటే పెట్టుకుంటే రెండూ పోతాయి. పైగా బీమా వచ్చిందనగానే జనం ఆసుపత్రికి వస్తారు. మంచాలు, డాక్టర్లు లేకుండా కార్డు ఇస్తే ఆ కార్డు ఎందుకూ పనికిరాదు. అందుకే ఆ పదిహేనేళ్ళలో ఆసుపత్రులు కట్టించారు, 1946లో విమాన అంబులెన్సు సర్వీసు పెట్టారు, సస్కటూన్ యూనివర్సిటీలో పూర్తిస్థాయి మెడికల్ కాలేజీ, 1955లో దానికి ఆసుపత్రి తెరిచారు.

మిగతా పనులు త్వరగా చెబుతాను. ప్రభుత్వ వాహన బీమా, పల్లెలకి కరెంటు, ప్రభుత్వ బస్సు కంపెనీ, ప్రభుత్వోద్యోగులకి యూనియన్ హక్కు, 1947లో పౌరహక్కుల చట్టం. అన్నీ గెలుపులు కావు. రెజైనాలో పెట్టిన చెప్పుల ఫ్యాక్టరీ, తోళ్ళ కర్మాగారం, మూస్ జాలో ఉన్ని మిల్లు మూతపడ్డాయి. తొమ్మిది లక్షల జనాభా కూడా లేని రాష్ట్రంలో, పెద్ద మార్కెట్లకి వేల కిలోమీటర్ల దూరంలో, ఒంటారియో, క్విబెక్ ఫ్యాక్టరీలతో ధరలో పోటీ పడటం కుదరలేదు. కరెంటు, బీమా నిలబడ్డాయి. వాటికి కొనేవాళ్ళు ఆ రాష్ట్రంలోనే ఉన్నారు. తేడా ఇదే. డగ్లస్ ప్రభుత్వం కూడా దీన్ని తొందరగానే గ్రహించి అలాంటి చిన్న ఫ్యాక్టరీల మీద ఆశ వదులుకుంది.

ఇప్పుడు కేంద్రం. 1945లో ఒటావా ఆరోగ్య బీమా ప్రతిపాదన తెచ్చింది గానీ పన్నుల పంపకం మీద రాష్ట్రాలతో ఒప్పందం కుదరక అటకెక్కింది. సస్కాచెవాన్ ఒంటరిగా పదేళ్ళకు పైగా ఆసుపత్రి బీమా నడిపి, ఇది నడుస్తుందని లెక్కలతో చూపించింది. 1957లో పార్లమెంటు చట్టం చేసింది: ఏ రాష్ట్రం ఆసుపత్రి బీమా పెట్టినా సుమారు సగం ఖర్చు కేంద్రానిది. 1958 జులై 1న అమల్లోకి వచ్చింది. అంతవరకూ సస్కాచెవాన్ ఒంటిచేత్తో మోస్తున్న భారంలో సగం దిగిపోయింది. ఆ మిగిలిన డబ్బు చూసుకునే 1959 ఏప్రిల్‌లో బర్చ్ హిల్స్ అనే ఊళ్ళో ఉప ఎన్నిక సభలో డాక్టరు ఫీజుకి కూడా బీమా తెస్తామని డగ్లస్ ప్రకటించారు. డిసెంబరులో రేడియోలో అయిదు సూత్రాలు చెప్పారు. ముందే డబ్బు కట్టి ఉంచుకోవడం, అందరికీ వర్తించడం, వైద్యం నాణ్యత తగ్గకపోవడం, ప్రజలకి జవాబుదారీ అయిన ప్రభుత్వ సంస్థ నడపడం, వైద్యం చేసేవాళ్ళకీ పొందేవాళ్ళకీ ఆమోదయోగ్యం కావడం.

ఆ చివరి సూత్రమే మెడకి చుట్టుకుంది. డాక్టర్ల సంఘం ఒప్పుకోలేదు. 1960 ఎన్నికల్లో ఒక్కో డాక్టరు దగ్గర 100 డాలర్ల చందా వసూలు చేసి మరీ వ్యతిరేక ప్రచారం చేసింది. డగ్లస్ గెలిచారు. కానీ నాలుగు పార్టీల పోటీలో ఆయనకి వచ్చిన ఓట్లు సుమారు 41 శాతమే. సీట్లు చాలా వచ్చినా మెజారిటీ జనం మీ వెంట లేరని అనేందుకు ఎదుటివాళ్ళకి సందు దొరికింది. అందరితో కలిపి వేసిన థాంప్సన్ కమిటీలో డాక్టర్ల ప్రతినిధులూ ఉన్నారు. అక్కడ కాలం గడిచిపోయింది. బిల్లు 1961 నవంబరులో గాని పాసు కాలేదు. ఏప్రిల్ 1న మొదలవ్వాల్సిన పథకం జులై 1కి జరిగింది.

ఈ మధ్యలోనే డగ్లస్ వెళ్ళిపోయారు. సీసీఎఫ్, కార్మిక సంఘాల సమాఖ్య కలిసి న్యూ డెమొక్రటిక్ పార్టీగా (ఎన్‌డీపీ) ఏర్పడి, 1961 ఆగస్టులో ఆయన్ని మొదటి జాతీయ నాయకుడిగా ఎన్నుకున్నాయి. నవంబరు 7న ప్రీమియర్ పదవి వుడ్రో లాయిడ్‌కి అప్పగించారు. నా ఉద్దేశంలో ఆయన జీవితంలో వరుస తప్పింది ఇక్కడే. పోరాటం ముదురుతున్న వేళ నాయకుడు మారడంతో, నెమ్మదస్తుడైన లాయిడ్ మీద మొత్తం బరువు పడింది. లాయిడ్ తట్టుకున్నారు. ఆ పేరు డగ్లస్ పేరు పక్కనే ఉండాలి.

1962 జులై 1. పథకం మొదలైన ఆరోజే రాష్ట్రంలో దాదాపు 90 శాతం డాక్టర్లు తలుపులు మూశారు. కొన్ని ఆసుపత్రుల్లో అత్యవసర సేవలు మాత్రం నడిచాయి. ప్రభుత్వం బ్రిటన్ నుంచి డాక్టర్లని రప్పించింది. కొన్ని ఊళ్ళలో జనమే చందాలు వేసుకుని కమ్యూనిటీ క్లినిక్‌లు తెరిచారు. జులై 11న రెజైనాలో శాసనసభ ముందు డాక్టర్లకి మద్దతుగా సభ పెడితే, పదుల వేలల్లో వస్తారనుకున్న జనం నాలుగైదు వేలే వచ్చారు. సమ్మె నడుం విరిగింది అక్కడే. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ నిర్మాణంలో పాలుపంచుకున్న లార్డ్ టేలర్ ఇద్దరి మధ్యా తిరిగి రాజీ కుదిర్చారు. 23వ రోజున సస్కటూన్ ఒప్పందం.

ఆ ఒప్పందంలో ఏముందో చూడాలి, ఎందుకంటే దాని ముద్ర ఈనాటికీ ఉంది. డాక్టరు బిల్లుని నేరుగా పథకం నడిపే ప్రభుత్వ కమిషన్‌కి పంపవచ్చు. లేదా డాక్టర్లే నడుపుకునే పాత బీమా సంస్థ ద్వారా పంపవచ్చు, అది డబ్బు చేతులు మార్చే పని మాత్రం చేస్తుంది. లేదా రోగి దగ్గరే తీసుకుంటే రోగి తర్వాత కమిషన్ దగ్గర రాబట్టుకుంటాడు. పథకంతో ఏ సంబంధం లేకుండా ప్రాక్టీసు చేసుకునే దారి కూడా ఉంచారు. అన్నిట్లోనూ ఫీజు పద్ధతి చెక్కుచెదరలేదు. డాక్టర్లు జీతం మీద, నర్సులు, ఇతర సిబ్బందితో బృందంగా పనిచేసే ఆరోగ్య కేంద్రాలు వస్తాయని సీసీఎఫ్‌లో చాలామంది కోరుకున్నారు. అది జరగలేదు. కెనడాలో ఈరోజుకీ కుటుంబ డాక్టర్లలో చాలామందికి ప్రభుత్వం ఫీజు లెక్కనే చెల్లిస్తుంది. ఒప్పందం తర్వాత డాక్టర్ల ఆదాయం తగ్గకపోగా పెరిగింది. అంతకుముందు పేదవాళ్ళ దగ్గర వసూలు కాని బిల్లులన్నీ ఇప్పుడు చెల్లవుతున్నాయి కదా.

సమ్మెకి రెండు వారాల ముందే, జూన్ 18న, దేశంలో ఎన్నికలు జరిగాయి. డగ్లస్ రెజైనాలో నిలబడి ఓడిపోయారు. పదిహేడేళ్ళు పాలించిన రాష్ట్రంలో పార్లమెంటు సీటు దక్కలేదు. డాక్టరు ఫీజు బీమా మీద రేగిన భయాల వేడి అంతా ఆయన మీద పడింది. అక్టోబరులో పశ్చిమ తీరంలోని బర్నబీ-కొక్విట్లం ఎంపీ రాజీనామా చేసి దారి ఇస్తే, ఉప ఎన్నికలో గెలిచి సభలోకి వచ్చారు. 1968లో బర్నబీ-సీమోర్‌లో 138 ఓట్ల తేడాతో మళ్ళీ ఓటమి. 1969 ఫిబ్రవరిలో నానైమో ప్రాంతంలో ఉప ఎన్నికతో మళ్ళీ సభలోకి. ఆయన పార్టీకి ఎప్పుడూ ఇరవై అటూ ఇటూగా సీట్లే. 1962లో 19, 1963లో 17, 1965లో 21, 1968లో 22.

ఇరవై సీట్లతో ఏం సాధించగలరు? ప్రధాని లెస్టర్ పియర్సన్ లిబరల్ ప్రభుత్వానికి 1963లోనూ 1965లోనూ మెజారిటీ రాలేదు. ఎమెట్ హాల్ అనే జడ్జి కమిషన్, సస్కాచెవాన్ నమూనానే దేశమంతా పెట్టమని 1964లో సిఫారసు చేసింది. మైనారిటీ ప్రభుత్వం, ఎడమ పక్కనుంచి ఒత్తిడి, చేతిలో నడిచి చూపించిన నమూనా. మూడూ కలిశాయి. 1966 డిసెంబరులో, డాక్టరు ఫీజుకి దేశమంతా బీమా తెచ్చే మెడికేర్ చట్టం 177-2 ఓట్లతో పాసైంది. 1968 జులై 1న అమలు. అప్పుడు చేరిన రాష్ట్రాలు రెండే: సస్కాచెవాన్, బ్రిటిష్ కొలంబియా. 1971కల్లా పది రాష్ట్రాలూ చేరాయి. అందరికీ వర్తించాలి, డాక్టరు సేవలన్నీ ఉండాలి, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళినా చెల్లాలి, ప్రభుత్వ యంత్రాంగం నడపాలి. ఈ నాలుగు షరతులకీ ఒప్పుకున్న రాష్ట్రానికి సగం డబ్బు. కార్డు రాష్ట్రానిది, షరతు కేంద్రానిది.

ఆయన ఎంపీగా గుర్తుండిపోయేది ఇంకొకటుంది. 1970 అక్టోబరులో క్విబెక్ ఉగ్రవాదులు ఒక బ్రిటిష్ దౌత్యాధికారిని, ఒక రాష్ట్ర మంత్రిని ఎత్తుకుపోయినప్పుడు, ప్రధాని పియర్ ట్రూడో ప్రభుత్వం యుద్ధకాలపు అత్యవసర చట్టాన్ని ప్రయోగించింది. వారెంటు లేకుండా వందల మందిని అరెస్టు చేశారు. దేశమంతా ప్రభుత్వం వైపే ఉంది. డగ్లస్ వద్దన్నారు. ఓటింగు 190-16. ఆయన పార్టీ సభ్యుల్లోనే కొందరు అటు ఓటేశారు. జనం దృష్టిలో పార్టీ బాగా దెబ్బతింది. ఆయన మాట మార్చుకోలేదు. 1971లో నాయకత్వం డేవిడ్ లూయిస్‌కి అప్పగించి, 1979 దాకా ఎంపీగా, ఎక్కువగా ఇంధన వ్యవహారాల మీద పనిచేశారు. 1986 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

మెడికేర్ మధ్యలో సడలిన సందర్భం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పథకాలు ఎక్కడ జారతాయో అది చూపిస్తుంది. 1964లో సస్కాచెవాన్‌లో లిబరళ్ళు గెలిచారు. పథకం రద్దు చేసే సాహసం చేయలేదు. కానీ 1968లో రోగి చేతినుంచి చిన్న రుసుము పెట్టారు. డాక్టరు దగ్గరికి వెళ్తే డాలరున్నర, డాక్టరు ఇంటికి వస్తే 2 డాలర్లు, ఆసుపత్రిలో మొదటి 30 రోజులు రోజుకి రెండున్నర. అనవసరంగా వచ్చేవాళ్ళని తగ్గించడానికట. తర్వాత జరిగిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, మొత్తం మీద డాక్టరు సేవల వాడకం ఆరేడు శాతం తగ్గితే, పేద కుటుంబాల్లో 18 శాతం తగ్గింది. 1971లో రాష్ట్రంలో గెలిచిన అలన్ బ్లేకనీ ఎన్‌డీపీ ప్రభుత్వం ఆ రుసుములు ఎత్తేసింది. ఇదే జబ్బు మిగతా రాష్ట్రాలకి పాకడంతో కేంద్ర ఆరోగ్య మంత్రి మోనిక్ బెజాన్ 1984లో కెనడా హెల్త్ యాక్ట్ తెచ్చారు. రోగుల దగ్గర రాష్ట్రం ఎంత వసూలు కానిస్తే, కేంద్రం ఇచ్చే డబ్బులో సరిగ్గా అంత కోత. పార్లమెంటు దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. డగ్లస్ బతికుండగానే అది చూశారు.

డగ్లస్ వరుసలో మిగిలిపోయినవి పళ్ళ వైద్యం, ఇంటి దగ్గర వాడే మందులు. కార్డు చూపించినా ఇవి మామూలుగా రావు. కొత్తగా వెళ్ళే మనవాళ్ళు మొదట తెల్లబోయేది ఇక్కడే. 2022 మార్చిలో జగ్మీత్ సింగ్ నాయకత్వంలోని ఎన్‌డీపీ, మెజారిటీ లేని లిబరల్ ప్రభుత్వానికి మద్దతు ఇవ్వడానికి వీటినే షరతుగా పెట్టింది. సింగ్ కూడా ఒంటారియో శాసనసభలో కొన్నేళ్ళు పనిచేసి, తర్వాత బర్నబీలో ఉప ఎన్నికతో పార్లమెంటుకి వచ్చినవారే. ఆ ఒప్పందం నుంచి వచ్చిన పళ్ళ వైద్య పథకం కింద 2024 మే నుంచి చికిత్స మొదలైంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 90,000 డాలర్ల లోపు ఉండాలి, ఉద్యోగం ద్వారా గానీ వేరేగా గానీ దంత బీమా ఉండకూడదు, అంతకుముందు ఏడాది ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసి ఉండాలి. మీ పిల్లలు అక్కడుంటే ఈ మూడోది తప్పకుండా చెప్పండి. ఆదాయం లేని ఏడాది కూడా రిటర్ను వెయ్యాలి.

ప్రశ్నలుంటే అడగండి.